బండియే ఇల్లా, బండిపై ఇల్లా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అనిరి మన పెద్దలు. చక్రములపై నుండు ఇంటిని కొని చూచుటయు నట్టి పరీక్షయే. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు పలువురు వేసవిలో కుటుంబములతో జాతీయవనములకు బోవుచున్నారు. అట్టివారు ట్రక్ క్యాంపర్ మేలా, మోటార్ హోమ్ మేలా యని విచారించునపుడు, రెంటిలోను మంచము, పొయ్యి, నీటితొట్టి యున్నవి గదా, భేదము వెలలోనే యని తలపరాదు.

మోటార్ హోమ్ నందు బండియు నిల్లును ఒక్కటే. బండి నిలిచిన వెంటనే క్రిందికి దిగకయే పడకకు జేరవచ్చును. కాని యంత్రము చెడి మరమ్మతుశాలకు బోయినచో నిల్లును దానివెంట బోవును. క్యాంపర్ పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో గూర్చుండు గది. దానిని జాకీలపై నిలిపినచో ట్రక్కు విడివడి నిత్యకృత్యములకు బనికివచ్చును.

మోంటానాలోని గ్లేసియర్ జాతీయవనమున 1933లో ప్రారంభమైన గోయింగ్ టు ది సన్ మార్గమును జూడుడు. అందలి కొండదారిలో 21 అడుగుల పొడవును, 8 అడుగుల వెడల్పును మించిన వాహనములను రానీయరు. పెద్ద మోటార్ హోమ్ గలవారు దానిని విడిదిలో నిలిపి వేరుబండి వెదకుకొనవలయును. క్యాంపర్ గలవారో, విడిది నియమములు సమ్మతించినచో గదిని దించి, ఆ కొలతలకు లోబడిన ట్రక్కుతో సాగిపోవచ్చును.

అయినను క్యాంపర్ విషయమున బరువే గొప్ప చిక్కు. మనుష్యులును సామగ్రియు గలిసి యెంత బరువు మించరాదో ట్రక్కు తలుపుచట్రముకడ వ్రాసియుందురు. అది 2,000 పౌనులనుకొందము. గది 1,500, 30 గ్యాలన్ల నీరు ఇంచుమించు 250, ఇరువురు మనుష్యులు 300. మొత్తము 2,050. బియ్యపుసంచి యింకను ఎక్కనే లేదు! అమ్మువారు చెప్పు బరువు తరచుగా వట్టి గది బరువే. కొండ దిగునపుడు బ్రేకులును టైర్లును ఈ లెక్కతప్పును మన్నింపవు.

కావున మా యభిప్రాయమిది. ట్రక్కు ఇదివరకే యుండి, ప్రయాణికులిరువురే యయి, బరువు లెక్క సరిపోయినచో క్యాంపర్ కొనుట వివేకము. తల్లిదండ్రులను, పిల్లలను వెంటగొని పోవువారికి మోటార్ హోమ్ తగినది. క్యాంపర్‌లో పడక సాధారణముగా చోదకుని గదిపైన నుండును. వృద్ధులను రాత్రివేళ అచటికి ఎక్కి దిగుడనుట మర్యాద గాదు. కాని యేటికి పదిదినముల యాత్రకై మోటార్ హోమ్‌ను అప్పుచేసి కొననేల? అద్దెకు దొరకుచున్నది గదా! పదకొండు నెలలు వాకిట నిలిచి వడ్డీయు బీమాయు దినుచుండు బండి గృహస్థునకు భారమే. ఇరుగుపొరుగువారి బండిని జూచి గాక, మన యింటి మనుష్యులను, దినములను, పౌనులను లెక్కించి యెన్నుకొనుట మేలు.