చెప్పు సరే, చర్చ ఏది?

2021 ఫిబ్రవరి 23. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని అప్పటికి నేను కొత్తపట్నం చేరి ఏడాది కావస్తోంది. ఆ రోజు ఒకే క్లిప్ గంటలోపే ఆరు గ్రూపుల నుంచి వచ్చింది. ఏబీఎన్ లైవ్ చర్చలో అమరావతి జేఏసీ నాయకుడు కొలికపూడి శ్రీనివాసరావు బీజేపీ నాయకుడు విష్ణువర్ధన్ రెడ్డిని చెప్పుతో కొట్టారు.

నేనేం చేశాను? నవ్వాను. తర్వాత, తెలుగువాడి వాదప్రతివాదం పాదాల దాకా దిగిందని చమత్కారంగా ఒక పోస్టు రాశాను. నా పుస్తక సమీక్షలకు పాతిక లైకులు కూడా రావు, దానికి మూడు వందలు దాటాయి.

మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర, ఎండుచేపల వ్యాపారం చేసే బాబాయ్ (ఊరి వరసే, చుట్టరికం లేదు) అడిగాడు.

"ఏరా అబ్బాయ్, టీవీలో కొట్టుకున్నారంట గదా. ఇంతకీ దేని మీద?"

"అమరావతి మీద బాబాయ్."

"అది తెలుసులేరా. రాజధాని ఉంటదంటనా, పోద్దంటనా? ఏమన్నా తేలిందా?"

నాకు తెలీదు. క్లిప్‌ను కనీసం పదిసార్లు చూసుంటాను. దానికి ముందు ఎవరు ఏం వాదించారో చూడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

చెప్పుతో కొట్టడం తప్పు. దానికి రెండో వాక్యం అక్కర్లేదు. నా గొడవ వాళ్ళిద్దరితో కాదు, మనతో. నాలుగు పుస్తకాలు చదివి, పార్టీల జెండాలు మోయం అని గర్వపడే మనతో. ఆ రోజు మనందరం ఒకటే అన్నాం: ఛీ, భాష చూడండి, స్థాయి చూడండి. ఆ వెంటనే ఒక నిట్టూర్పు, ఆ రోజుల్లో అసెంబ్లీలో వావిలాల, తరిమెల నాగిరెడ్డి మాట్లాడుతుంటేనా అని. వాళ్ళ అసెంబ్లీ ప్రసంగం మనలో ఎందరు పూర్తిగా చదివారు? నేనైతే చదవలేదు.

చెడ్డ విమర్శకుడు నవలని చదివినట్టు చదువుతున్నాం మనం చర్చని. శైలి నీచంగా ఉంది, సంభాషణలు మోటుగా ఉన్నాయి, అంతే, సమీక్ష అయిపోయింది. కథ ఏమిటన్నది ఎవరికీ పట్టదు. ఆ ఫిబ్రవరికి అమరావతిలో భూములిచ్చిన రైతులు దీక్షలో కూర్చుని నాలుగు వందల రోజులు దాటింది. చెప్పు గురించి నాకు ఒక అభిప్రాయం ఉంది, ఆ రైతుల గురించి లేదు.

అంతకు ముందు ఏడాది జూన్ 17 సంగతి ఇంకా అన్యాయం. కరోనా వల్ల 2020 బడ్జెట్ సమావేశాల్ని రెండు రోజులకు కుదించారు. రెండో రోజు శాసనమండలిలో తోపులాట జరిగింది. మంత్రులు, సభ్యులు ఒకరి మీద ఒకరు పడ్డారు. దేని కోసమంటే, ఏ బిల్లు ముందు అని. మండలిలో మెజారిటీ ఉన్న టీడీపీ ముందు ద్రవ్య వినిమయ బిల్లు అంది. ప్రభుత్వం ముందు రాజధాని బిల్లులు అంది. చివరికి ఏదీ తేలకుండానే సభ నిరవధికంగా వాయిదా పడింది.

ముందు నాదంటే నాది అనుకోవడం, చూట్టానికి పిల్లల తగాదాలా ఉంటుంది. కాదు. ద్రవ్య వినిమయ బిల్లు అయిపోతే రాజధాని బిల్లుల్ని ముట్టుకోకుండా సభ ముగించేయొచ్చు. దాన్ని చివరికి పెడితే అందరూ కూర్చోక తప్పదు. ఇద్దరి లెక్కా ఇదేనని నా అనుమానం. రాజ్యాంగం 198వ అధికరణం ప్రకారం ద్రవ్య బిల్లుని మండలి ఆపలేదు, కానీ 14 రోజులు తన దగ్గర ఉంచుకోగలదు. జూన్ 17కి 14 కలపండి. జులై 1. ఆ ఒకటో తారీఖున ఉద్యోగులకి జీతాలు పడలేదు.

మా బావ టీచరు. ఆ సాయంత్రం ఫోన్ చేసి, "జీతం పడలేదేంది బావా, సర్వర్ ఏమన్నా డౌనా?" అన్నాడు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా మరి. రెండు వారాల కిందట మండలి తోపులాట వార్తని నవ్వు బొమ్మలు పెట్టి నాకు పంపింది ఆయనే. లోకేశ్ సెల్‌ఫోన్‌తో ఫోటోలు తీశారా లేదా అని మేమిద్దరం అరగంట వాదించుకున్నాం కూడా.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి అదే ఏడాది సెప్టెంబరు 29న ట్రంప్, బైడెన్ డిబేట్ చూశాక ఒక ఊరట దొరికింది: వీళ్ళూ మనలాంటి వాళ్ళే. అక్టోబరు 22 నాటి చివరి డిబేట్‌కి మైకులు మ్యూట్ చేసే ఏర్పాటు పెట్టారు. ఇంజనీరుగా నాకు ముచ్చటేసింది. కానీ వినేవాడు దేని కోసం వింటున్నాడో మార్చే బటన్ ఏ మైకుకీ లేదు.

"నవ్వడం కూడా నిరసనే కదా" అన్నాడు ఒక మిత్రుడు. సరే, 2020 మార్చి 15 గుర్తు చేసుకుందాం. ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికల్ని వాయిదా వేశారు. ముఖ్యమంత్రి జగన్ అదే రోజు ప్రెస్ మీట్ పెట్టి ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆ అధికారం ఎవరిదన్న గొడవ కోర్టుల దాకా వెళ్ళింది. మనకు మిగిలింది రెండు వస్తువులు: పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్. అంత పెద్ద రోగాన్ని అంత తేలిగ్గా తీసిపారేస్తే జోకులు పడవా, పడతాయి. నేనూ ఏడాది పొడుగునా వేశాను.

2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ళకి టీకా మొదలైంది. బాబాయ్‌కి అరవై మూడు.

"సూదేసుకుంటే జ్వరమొస్తదంట గదరా. నేను మంచమెక్కితే సరుకెవరు చూస్తారు?"

"వస్తే ఒకట్రెండు రోజులు బాబాయ్. పారాసిటమాల్ వేసుకో, తగ్గిపోద్ది."

బాబాయ్ పగలబడి నవ్వాడు. టీ కొట్టు మొత్తం నవ్వింది. "బ్లీచింగ్ కూడా చల్లుకోమంటావా?" అన్నాడెవరో. నేనూ నవ్వేశాను. నేను చెప్పింది నిజమే, కానీ ఆ మాటని ఎవరూ నమ్మలేనంత జోకుగా మార్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మళ్ళీ కూర్చోబెట్టి చెప్పాలని నాకు తోచలేదు. బాబాయ్ టీకా వాయిదా వేశాడు. మే నెలలో ఒంగోల్లో పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికొచ్చాడు. టీకా వేయించుకునుంటే ఇదంతా తప్పేదని ఖాయంగా అనలేను. అనకుండా ఉండనూ లేను.

ఆ మే 10న తిరుపతి రుయాలో ఆక్సిజన్ అందక, ప్రభుత్వ లెక్క ప్రకారమే, 11 మంది పోయారు. ఫిబ్రవరిలో ఏ టీవీ చర్చలోనైనా ఎవరైనా ఆక్సిజన్ సంగతి ఎత్తి ఉంటే నేను చూసుండను. అందులో కొట్టుకోవడం ఉండదు కదా.

ఇక ఆ నిరసనకి ఫలితం. 2024లో కొలికపూడి తిరువూరు నుంచి టీడీపీ ఎమ్మెల్యేగా గెలిచారు. ఆ ఎన్నికల్లో బీజేపీ కూడా అదే కూటమి. రాజకీయాల్లో సర్దుకుపోవడం నేరమేం కాదు. ఆ క్లిప్ కింద తిట్టుకున్న నా ఇద్దరు బీటెక్ స్నేహితులు మాత్రం ఇంకా మాట్లాడుకోవట్లేదు.

నిట్టూర్పులు వద్దని ఇందాక నేనే అన్నాను గానీ, ఒకటి చెప్పక తప్పదు. 1937 వేసవిలో మా ఊళ్ళోనే రాజకీయ పాఠశాల పెట్టారు. ప్రభుత్వం నిషేధించింది, లాఠీలు పంపింది. రాజకీయం అంటే వేసవి సెలవుల్లో కూర్చుని నేర్చుకోవాల్సిన సబ్జెక్టు అని నమ్మి ఈ ఇసకలోకి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళు ఎంత మర్యాదగా మాట్లాడేవాళ్ళో నాకు తెలీదు, అక్కర్లేదు కూడా.

బాబాయ్ ప్రశ్నకి జవాబు 2021 నవంబరు 22న వచ్చింది, అప్పటికి. మూడు రాజధానుల చట్టాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. ఈసారి నేను క్లిప్ కాదు, వార్త మొత్తం చదివాను. చెబుదామని బాబాయ్ ఇంటికెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. మూడు రోజుల కిందట ప్రెస్ మీట్లో చంద్రబాబు ఏడ్చిన వీడియో.

"చూశావంట్రా ఇది?" అని ఫోన్ నా వైపు తిప్పాడు.