తాత మతిమరుపు - అల్లనేరేడు పండు

అమెరికాలో వుద్యోగం చేస్తున్న మా చిన్నాయన కొడుకు పోయిన యేడు వస్తూ వస్తూ తాత కోసం ఒక గోలీల డబ్బా తెచ్చాడు. డబ్బా మీద నీలంరంగు బెర్రీ పండ్ల బొమ్మ, పైన 'యాంటీ ఆక్సిడెంట్' అని పెద్దక్షరాలు. రోజుకొకటి మింగితే ముసలితనంలో మతిమరుపు రాదట! గోదావరిఖని బొగ్గుబాయిలో తట్టా చెమ్మస్‌తో మొదలుపెట్టి రిటైరయిన మా తాత ఆ డబ్బాను తిప్పి తిప్పి చూసి, "పండు తినమంటె తింట గని, పండు బొమ్మ మింగుమంటవేందిరా" అన్నాడు. అందరం నవ్వుకొన్నాం. కానీ ఆలోచించిన కొద్దీ నాకు తాత మాటే శాస్త్రసమ్మతంగా తోస్తున్నది.

మెదడు మన వొంటి బరువులో నూటికి రెండు పాళ్లే అయినా, వొళ్లు వాడుకొనే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. అంత ఆక్సిజన్ ఖర్చయ్యే చోట 'ఫ్రీ రాడికల్స్' పుట్టి జీవకణాలను దెబ్బతీస్తాయి. వయసు మీరితే వాటిని అదుపు చేసే శక్తి తగ్గుతుంది. పండ్లలోని సి విటమిను, నలుపు-వూదా రంగులిచ్చే ఆంథోసయనిన్లు ఇక్కడ ఆదుకొంటాయని సిద్ధాంతం. అమెరికాలో 70 యేళ్లు దాటిన 16,010 మంది నర్సుల మీద జరిగిన పరిశీలన 2012లో వెలువడింది. బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ బాగా తినేవారిలో జ్ఞాపకశక్తి క్షీణించడం రెండున్నరేళ్ల దాకా వెనక్కి జరిగినట్లు అందులో కనిపించింది. అయితే పండ్లు కొని తినగలిగే మనిషికి ఇతర సదుపాయాలు కూడా వుంటాయి గదా! మరి గోలీలో? విటమిన్ ఇ, సెలీనియం గోలీలను 7,540 మంది పెద్దవయసు మగవాళ్ల మీద పరీక్షిస్తే డిమెన్షియా ఆగలేదని 2017లో తేలింది.

సరే, పండే తిందాం. బ్లూబెర్రీయే ఎందుకు? దానికి నీలిరంగు నిచ్చే ఆంథోసయనిన్లే తొలకరి నాడు మన నాలుకను వూదారంగు చేసే అల్లనేరేడులోనూ వున్నాయి. వందగ్రాముల జామపండులో సి విటమిను 200 మిల్లీగ్రాములు దాటుతుంది, ఆపిల్‌లో ఐదు మిల్లీగ్రాములైనా వుండదు. అయినా దవాఖానలో వున్న మనిషిని చూడబోయేటప్పుడు మన చేతిలో ఆపిల్ సంచే! జామకాయ పట్టుకుపోతే నామోషీ అనుకొంటాం. కార్తీకంలో వుసిరిచెట్టు కింద వనభోజనాలు చేసి, ఆ వుసిరికాయలను మాత్రం ఉప్పులో ముంచి తొక్కు పెట్టుకొంటాం. బీపీ వున్నవాళ్లకు ఆ ఉప్పు మంచిది కాదు. ఆ బీపీ మెదడుకూ శత్రువే.

అయితే అసలు నా పేచీ పండుతో కాదు. పండు పేరు చెప్పి తక్కిన సంగతి మరచిపోవడంతో. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దారితీసే 14 కారణాలను చెప్పి, వాటిని తొలగించగలిగితే నూటికి 45 కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని లెక్కగట్టింది. చదువు లేకపోవడం, వినికిడి లోపం, బీపీ, షుగరు, పొగతాగడం, ఒంటరితనం, గాలి కాలుష్యం అందులో వున్నాయి. ఈ జాబితా చదువుతుంటే రామగుండంలో ఏదో ఒక కార్మికవాడ గుండా నడిచిపోతున్నట్లే వుంది! డ్రిల్లు మోత, బ్లాస్టింగు, బొగ్గుదుమ్ము, నైట్‌షిఫ్టు నిద్రమత్తుకు బీడీ. ముప్ఫయ్యేళ్లు వీటిలో గడిపినవాడికి రిటైర్మెంటు నాడు శాలువా కప్పి, ఆ పైన "పండ్లు తినవయ్యా" అంటే సరిపోతుందా?

మా తాతకు మతి తప్పుతున్నదని రెండేళ్లు అనుకొన్నాం. ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పేవాడు. చివరికి చెవి పరీక్ష చేయిస్తే మా మాటలు సగం ఆయనకు వినబడనే లేదని తెలిసింది. చెవి మిషను పెట్టించాక పాత ముచ్చట్లు తారీకులతో సహా చెబుతున్నాడు. మరుపు బొత్తిగా లేదనను. కానీ మేము మరుపనుకొన్న దానిలో చాలా భాగం చెవుడే.

ఈ యేడు మన యూనియన్ కాలేజీ ఆవరణలో మొక్కలు నాటుతుందని విన్నాను. పూలకొమ్మలు చాలు, ఈసారి అల్లనేరేడు, జామ పెట్టండి, పార పట్టుకొని నేనూ వస్తాను. అదే రోజున పెద్దపల్లి, రామగుండం ప్రాంతాల రిటైర్డు కార్మికులను పిలిచి బీపీ, షుగరు, చెవి పరీక్షలు చేయిద్దాం. ఖర్చు ఎక్కడినుంచి అంటారా? ఈ సావనీరుకు ప్రకటనలు తెచ్చిన మిత్రులే ఆ చందాలూ తేగలరు.