దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు!

ఆస్పత్రుల్లో సిబ్బంది చీదరింపులు - నోటితో తగువు కంటే చేతిలో కాగితమే మేలు

పల్లె నుంచి మొదటి బస్సెక్కి పట్నం ఆస్పత్రికి వచ్చిన రోగికి డాక్టరు కంటే ముందు ఎదురయ్యేది గేటు దగ్గర వాచ్‌మన్. అతన్ని దాటితే చీటీ రాసే గుమాస్తా. ఆ తర్వాత గది తలుపు దగ్గర ఆయానో, కాంపౌండరో. ఈ ముగ్గురూ కరుణిస్తేనే డాక్టరు దర్శనం. డాక్టరు రెండు నిమిషాలు చూసి మందు రాస్తాడు. మిగిలిన పూటంతా గడిచేది ఈ ముగ్గురి చేతుల్లోనే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత గుళ్ళో కంటే ఆస్పత్రిలోనే ఎక్కువ నిజమవుతున్నది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినవారికి "రండి సార్, కూర్చోండి" అన్న నోరే, మాసిన పంచెతో వచ్చిన ముసలాయనను "ఏయ్, అక్కడ నిలబడు" అంటుంది. తల్లి వయసున్న మనిషిని "ఏమే" అని పిలుస్తుంది. "ఎన్నిసార్లు చెప్పాలి? చెవుడా?" అన్న మాట వినని పల్లెటూరి రోగి అరుదు. చదువు రానివారు చీటీ చూపించి ఏ గదికి పోవాలో అడిగితే చెయ్యి ఊపడమే జవాబు.

మాట పడితే మందు మానేస్తారు

ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. క్షయ రోగి మామూలుగా ఆరు నెలలపాటు విడవకుండా మందు మింగాలి. మధ్యలో ఆపేస్తే జబ్బు ముదిరి, ఆ మందులకే లొంగకుండా పోయే ప్రమాదం ఉన్నది. అటువంటి రోగిని నలుగురిలో "దూరం జరుగు" అని కసిరితే, మరుసటి నెల అతడు ఆ గడప తొక్కడు. రక్తపోటు, చక్కెర జబ్బు ఉన్నవారి సంగతీ అంతే. నెల మాత్రల కోసం వచ్చి తిట్లు తిన్న మనిషి, ఒంట్లో బాగానే ఉంది కదా అని ఊరుకుంటాడు. ఆ తర్వాత పక్షవాతంతోనో, గుండెపోటుతోనో మంచం మీద రావలసి వస్తుంది. గర్భిణీ స్త్రీకి కనీసం నాలుగు పరీక్షలైనా జరగాలని డాక్టర్లు చెబుతారు. మొదటిసారే మాట పడ్డ పిల్ల రెండోసారి రానంటే తప్పు ఎవరిది?

ఇలా ముఖం చాటేసినవారు ఊళ్ళో సూదిమందు వేసే ఆయన దగ్గరకు పోతున్నారు. అతనికి చదువు తక్కువైనా నోరు మంచిది. "ఏం పెద్దాయనా, ఎట్లా ఉన్నావు?" అని పలకరిస్తాడు, అప్పు పెడతాడు. అందుకే ప్రాణం మీదికి వచ్చేదాకా పల్లె జనం అతన్ని వదలడం లేదు.

ఎందుకిలా జరుగుతున్నది?

సిబ్బందిలో అందరూ చెడ్డవారు కారు. రాత్రంతా మేలుకుని కాన్పులు చేసే నర్సులు, చేతిలో డబ్బు లేని రోగికి టీ తెప్పించే ఆయాలూ ఉన్నారు. అయితే పెద్దాస్పత్రులలో కాపలా, పారిశుద్ధ్యం పనులు చాలావరకు కాంట్రాక్టు ఏజెన్సీల చేతుల్లో ఉన్నాయి. జీతమిచ్చేది ఏజెన్సీ, పని చేయించేది ఆస్పత్రి. ఆ జీతమూ తక్కువే, అదీ నెల నెలా సక్రమంగా అందదని ఆ సిబ్బంది మొర. సూపరింటెండెంటుకు చెబితే "వాళ్ళు మా ఉద్యోగులు కారు" అంటారు. ఏజెన్సీ ఎక్కడున్నదో రోగికి తెలియదు. పైవాడి మీద కోపం కిందివాడి మీద తీరుతున్నది.

ఒక్కొక్క రోగి వెంట నలుగురైదుగురు వచ్చి వార్డులో కిక్కిరిసి నిలబడడం, తాగి వచ్చి కేకలు వేయడం కూడా సిబ్బందికి విసుగు తెప్పించే మాట నిజమే. కానీ విసుగు వేరు, హీనంగా చూడడం వేరు. డబ్బున్నవారిని చూడగానే మాయమయ్యే విసుగును పనిభారం అనలేం.

ప్రైవేటు క్లినిక్కుల్లో మరో చిక్కు ఉన్నది. పట్నంవారు పొద్దున్నే ఫోను చేసి పేరు రాయించుకుంటారు. మొదటి బస్సుకు దిగిన పల్లెవాసికి అప్పటికే అరవయ్యో నంబరు. మధ్యలో మందుల కంపెనీల వారు, తెలిసినవారు లోపలికి పోతుంటారు. కాంపౌండరు చేతిలో వందో రెండు వందలో పెడితే నంబరు ముందుకు జరుగుతుంది. పెట్టలేనివారికి చివరి బస్సు తప్పిపోయి రాత్రి బస్టాండే గతి. వారం లోపు మళ్ళీ వస్తే ఫీజు లేదని చెప్పి, వచ్చాక గడువు దాటిందనడం మరో తగువు. లోపల ఉన్న డాక్టరుకు ఇవేవీ తెలియవని అనుకోవడం కష్టం. తెలిసీ ఊరుకుంటే అది ఆయన తప్పే.

ఉచితానికీ బేరమే

సర్కారు దవాఖానాలో కాన్పుకు పైసా ఇవ్వనక్కర లేదు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద కాన్పు, ఆపరేషను, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషనైతే ఏడు రోజుల వరకు భోజనం పెట్టాలి. ఇంటి నుంచి ఆస్పత్రికి, తిరిగి ఇంటికి వాహనం కూడా ఉచితమే. అయినా మగబిడ్డ పుడితే ఇంత, ఆడబిడ్డ పుడితే ఇంత అని చేతులు చాచడం, స్ట్రెచర్ తోయడానికి బేరం పెట్టడం ఆగలేదు. సంతోషంగా ఇస్తే పుచ్చుకున్నామంటారు. బిడ్డను చూపించకముందే అడిగేది సంతోషం ఎలా అవుతుంది?

ప్రభుత్వోద్యోగి లంచమడిగితే అవినీతి నిరోధక శాఖకు 1064 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. 2018లో సవరించిన చట్టం ప్రకారం లంచమిచ్చినవారూ నేరస్థులే. కాని బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల లోపు పోలీసులకో, ఆ శాఖకో తెలియజేస్తే వారి మీద కేసు ఉండదు. ఈ సంగతి తెలియకనే చాలామంది నోరు మూసుకుంటున్నారు.

ఎవరికి చెప్పుకోవాలి?

అర్జీలు బుట్టదాఖలు కావడానికి ఒక కారణం అవి సంబంధం లేని ఆఫీసుకు పోవడమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగినదానికి ముందు అక్కడి మెడికల్ ఆఫీసరుకు, ఆపైన జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి చెప్పాలి. ఏరియా ఆస్పత్రి, జిల్లా ఆస్పత్రి అయితే ముందు సూపరింటెండెంటు, ఆపైన జిల్లా ఆస్పత్రుల సమన్వయాధికారి. మెడికల్ కాలేజీ ఆస్పత్రి అయితే సూపరింటెండెంటు, ఆపైన వైద్య విద్య డైరెక్టరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆఫీసులూ మారాయి. కనుక అర్జీ పంపేముందు చిరునామా కనుక్కోవడం మంచిది. ఏ దారీ తోచకపోతే సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకునే చోట ఇచ్చి రసీదు పుచ్చుకోవచ్చు.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం కింద చేరిన రోగిని ఆస్పత్రివారు అదనంగా డబ్బు అడిగితే, అక్కడి సహాయ కేంద్రంలో ఉండే ఆరోగ్యమిత్రకు చెప్పాలి, లేదా 104కు ఫోను చేయాలి.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. సిబ్బంది చేసిన లోపానికి ఆస్పత్రి యాజమాన్యం బాధ్యత వహించవలసిందే. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారమైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు, ప్లీడరు తప్పనిసరి కాదు. జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి. అయితే ఒక్క పరుషమైన మాటకు పరిహారం రావడం కష్టం. రోగిని చూడకుండా తిప్పి పంపినందువల్ల నష్టం జరిగితే, రసీదులేని వసూళ్ళు జరిగితే, అప్పుడు కేసుకు బలముంటుంది. కేసు కాగితాలు ఇవ్వమని సిబ్బంది బెదిరిస్తే భయపడనక్కర లేదు. రోగి గాని అతని తరఫువారు గాని అడిగిన 72 గంటల లోపు వాటిని ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు డాక్టర్లను ఆదేశించాయి.

తగువు వద్దు, కాగితం ముద్దు

కోపం పట్టలేక చెయ్యి చేసుకుంటే నష్టపోయేది రోగి బంధువులే. ఆస్పత్రి సిబ్బందిపై దాడి చేసినా, సామాను పగలగొట్టినా మూడేళ్ళ వరకు జైలు పడే చట్టం 2008 నుంచి రాష్ట్రంలో ఉన్నది. కొట్టిన నిమిషం నుంచి అసలు అన్యాయం వెనక్కి పోయి, కొట్టిన కేసే ముందుకు వస్తుంది.

అంతకంటే తేలిక పని ఉన్నది. తిట్టినవారి పేరు, తేదీ, వేళ, ఏ గది దగ్గర జరిగిందో అక్కడికక్కడే చీటీ వెనుక రాసుకోవాలి. పక్కన ఉన్న ఇద్దరిని సాక్ష్యం అడగాలి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడే "మీ మనిషి ఇట్లా అన్నాడండీ" అని నెమ్మదిగా చెప్పాలి. ఫలితం లేకపోతే తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఆఫీసులో ఇచ్చి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోవాలి. చదువు రానివారికి ఆశా కార్యకర్తో, బడి పంతులో రాసిపెట్టవచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద "నా అర్జీపై ఏం చర్య తీసుకున్నారు?" అని అడగవచ్చు. జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, మండల ఆఫీసుకు 5 రూపాయలు. పేదలకు, తగిన కార్డు నకలు జతచేస్తే, అదీ లేదు. 30 రోజుల లోపు జవాబు ఇవ్వవలసిందే. తిట్టిన మనిషికి తిట్టు గుర్తుండదు, కాని పై అధికారి సంజాయిషీ అడిగిన రోజు గుర్తుంటుంది.

అధికారులు చేయవలసినదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. సిబ్బంది చొక్కాకు పేరు పట్టీ ఉండాలి. ఏ పనికి ఎంతో, ఏది ఉచితమో గోడమీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. ఫిర్యాదుల పెట్టె తాళం ఆ ఆస్పత్రివారి దగ్గర కాక పై అధికారి దగ్గర ఉండాలి. బస్సుల వేళలు చూసి దూరపు ఊళ్ళవారికి కొన్ని నంబర్లు విడిగా ఉంచాలి. ప్రజాప్రతినిధులు సభ్యులుగా ఉన్న ఆస్పత్రి అభివృద్ధి కమిటీలు భవనాలు, సున్నాలతో పాటు రోగి పడే మాటలను కూడా చర్చకు పెట్టాలి.

ఒంట్లో బాగులేక వచ్చిన మనిషికి మొదట కావలసినది "కూర్చో పెద్దాయనా" అన్న మాట. దానికి బడ్జెటు అక్కరలేదు.