చిలుకతో చెలిమి

చిలుకను జూచి ముచ్చటపడని బాలబాలికలుండరు. దానిని పెంచవలెనను కోరిక సహజమే. కాని యే చిలుకను, ఏ రీతిగా పెంచవలెనో యాలోచింపకయే మనము పంజరమును కొనుచున్నాము. పంజరమును కొనవచ్చును గాని చెలిమిని కొనలేమని నా యభిప్రాయము.

మన తోటలయందలి రామచిలుక పెంపుడు పక్షి కాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని పట్టుటయు, అమ్ముటయు, పంజరమున నుంచుటయు నేరములు. ఆ పక్షులు చెట్టు తొర్రలో నాలుగు మొదలు ఆరు వరకు గ్రుడ్లు పెట్టి, పిల్లలను ఇంచుమించు ఏడు వారములు మేపును. సంతలో రహస్యముగా నమ్ముడుపోవు పిల్ల సామాన్యముగా నట్టి తొర్రనుండి యపహరింపబడినదే. రామచిలుకపై ప్రేమ గలవారు దానిని చెట్టుమీదనే చూచి యానందింపవలెను.

పెంచియే తీరవలెనన్నచో, పంజరమునందే పుట్టిన బడ్జరిగర్ చిలుకపిల్లను తెచ్చుకొనవచ్చును. అంగళ్లలో దీనినే లవ్ బర్డ్ అని యందురు. ఇది ఆస్ట్రేలియా దేశపు పక్షి. జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో దీనిని సజీవముగా ఇంగ్లండునకు గొనిపోయెను. నాటినుండి యిది తరతరములుగా మనుష్యుల యిండ్లలో పెరుగుచున్నది. నుదుటిమీది గీతలు ముక్కువరకు నున్నచో అది లేత పిల్లయని గుర్తింపవచ్చును.

క్రొత్తగా వచ్చిన పిల్లను వెంటనే పట్టుకొనరాదు. పైనుండి దిగు చేయి దానికి డేగవలె తోచును. కొన్ని దినములు పంజరము చెంత కూర్చుండి మెల్లగా మాటలాడవలెను. పిదప ఊచల సందునుండి కొఱ్ఱకంకి నందీయవలెను. అది జంకక తినునపుడు చేతిని లోనికి చాచి, వ్రేలిని దాని రొమ్ము క్రింద మృదువుగా నానింపవలెను. ఈకలను బిగించుకొని నిలిచినచో భయపడినదని యెఱిగి చేతిని వెనుకకు తీయవలెను. ఒంటికాలిపై నిలిచి, ఈకలను వదులుచేసి, ముక్కును మెల్లగా నూరుచున్నచో నెమ్మదిగా నున్నదని యర్థము. దానిని వెలుపల విడుచునపుడు పంకా నాపవలెను. మిక్కిలి కాగిన నాన్‌స్టిక్ పెనపు పొగ పక్షుల ప్రాణము తీయును గనుక వంటయింటికి దూరముగా నుంచవలెను.

ఒంటరిగా నుంచినగాని చిలుక మచ్చిక కాదని కొందఱందురు. జంటగా నున్న చిలుకలు మనుష్యునికి చేరువగుట కొంత ఆలస్యమగుమాట నిజమే. కాని గుంపులలో బ్రదుకు పక్షిని మనము పాఠశాలలో నుండు వేళలందెల్ల ఏకాకిని చేసి, సాయంకాలము అది మనకై యఱచుటను ప్రేమయనుకొనుట న్యాయమా? దిక్కులేక చేరుట వేఱు, ఇష్టపడి చేరుట వేఱు. ఱెక్కలు కత్తిరించి, ఆకలితో మాడ్చి లొంగదీయుటయు నిట్టిదే. ఎగిరిపోగలిగియు మన వ్రేలిపై వ్రాలినదే నిజమైన చెలిమి.

తలిదండ్రులకొక మనవి. ఈ చిన్నపక్షి అయిదు మొదలు పది యేండ్ల వరకు బ్రదుకును. ఆఱవ తరగతి బాలుడు తెచ్చిన చిలుక అతడు కళాశాలకు పోవునాటికిని ఇంటనే యుండవచ్చును. పరీక్షల దినములలో దానికి నీరు మార్చువారెవరో ముందుగా నిర్ణయించుకొనుడు. ఆ ప్రశ్నకు జవాబు దొరకనిచో పంజరమును కొనకుండుటయే మేలు. నేర్చిన మాటను మరల పలుకుట చిలుకకు చాలును. ఇచ్చిన మాటను నిలుపుకొనుట మన ధర్మము.