ఏలూరు తివాచీ అంచు

తివాచీని ఎవరైనా ముందు మధ్యనే చూస్తారు. దుకాణదారుడు కూడా నడిమి పువ్వునే వర్ణిస్తాడు. నేసినవాడి పనితనం తెలియాలంటే మాత్రం మూలకు పోవాలి. నిలువంచు మీద పాకుతూ వచ్చిన పూలతీగె మలుపు తిరిగి అడ్డంచు మీదికి ఎలా వెళ్ళింది? పువ్వు సగంలో తెగిందా, ఆకు ఇరుకున పడిందా, లేక హాయిగా వంగి సాగిపోయిందా? సాగిపోవాలంటే మొదటి ముడి పడకముందే నాలుగువైపులా ముళ్ళ లెక్క తేలి ఉండాలి. (కాగితం మీద గీసుకోకుండా సంచార జాతుల స్త్రీలు నేసే తివాచీల్లో మూల తెగినా దాని అందం దానిదే. పట్నపు కార్ఖానా పనిలో మాత్రం సరసులు క్షమించరు.)

ఈ లెక్క మన ఏలూరికి పారశీకులతో వచ్చింది. చెన్నపట్నం కోట ఇంగ్లీషు అధికారి స్ట్రెయిన్‌షాం మాస్టర్ 1679లో ఈ ప్రాంతాలు తిరిగి, ఏలూరులో తివాచీలు నేసేవారు అప్పటికి నూరేళ్ళ పైచిలుకు క్రితం వచ్చిన పారశీకులని చెప్పుకునేవారని తన దినచర్యలో రాసుకున్నాడు.

పడుగు నూలు, ముడి ఉన్ని. పారశీక ముడిలో ఉన్నిపోగు ఒక పడుగుదారాన్ని పూర్తిగా చుట్టి, పక్కదారం వెనకనుంచి ఇవతలికి వస్తుంది. తురుష్క ముడి రెండింటినీ చుడుతుంది. ఒక వరస ముళ్ళు వేసి, పేక తోసి, దువ్వెన వంటి పనిముట్టుతో దిగగొట్టి, మళ్ళీ వరస. లండను మ్యూజియంలోని అర్దబీల్ తివాచీ 1539-40 నాటిది. పొడవు పదిన్నర మీటర్లు. చదరపు అంగుళానికి సుమారు 340 ముళ్ళు. మొత్తం రెండున్నర కోట్ల పైమాటే!

అంచు ఒక్కటిగా ఉండదు. నడుమ పెద్దంచు, దాని కిరువైపులా కాపలా కాస్తున్నట్టు సన్నంచులు. మన పట్టుచీరెలో పెద్దంచు పక్కన గీతలు రావూ, అలాగే. హెరాతు పేరుమీద ప్రసిద్ధమైన అంచులో విచ్చిన పువ్వు, పక్కల వంపు తిరిగిన పొడుగాకులు ఉంటాయి.

నాకు ముచ్చటైన సంగతి మరొకటుంది. ఏలూరు నమూనాలకు రామచంద్రఖానీ, గోపాలరావుఖానీ, రెడ్డిఖానీ అని పేర్లు. పువ్వు పారశీకం, పేరు మనది! పోషకుల పేర్లే నమూనాలకు పెట్టేవారట. ఎంత దూరపు చుట్టమైనా మన ఊళ్ళో నాలుగు తరాలుంటే ఇంటిపేరు మారినట్టే కదా.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రసాయనపు రంగులు, జైళ్ళలో చౌకగా నేయించిన తివాచీలు ఈ విద్యను దెబ్బతీశాయి. జైళ్ళ పోటీని జార్జి బర్డ్‌వుడ్ 1880లో వెలువడిన తన గ్రంథంలో గట్టిగా దుయ్యబట్టాడు. నేడు యంత్రం ఆ పని పూర్తిచేస్తున్నది. ధర అడిగేటప్పుడు మనం అడుగుల లెక్క అడుగుతాం, ముళ్ళ లెక్క అడగం. నేసేవాడి రోజులు పోయేది ముళ్ళ మీదనే.

ఈసారి బేరమాడే ముందు తివాచీ మూల తిరగేసి చూడండి. చేతి ముడి అయితే ముందున్న పువ్వు వెనకవైపున కూడా దాదాపు అంత స్పష్టంగానూ కనబడుతుంది. కొసల కుచ్చులు పట్టి చూడండి. అవి పడుగుదారాల చివరలే అయి ఉండాలి. విడిగా తెచ్చి కుట్టినవైతే, దుకాణదారుడు ఏలూరన్నా ఇరానన్నా నమ్మకండి.