మన పొద్దుకు కూలెవడిస్తాడు?

ధర్మాసుపత్రి అన్న మాటలోనే ఒక మోసం ఉంది. ధర్మం చేసేవాడు ఎప్పుడు చెయ్యి విదిలిస్తే అప్పుడే అందుకోవాలి. అందాకా గుమ్మం ముందు నిలబడాలి. ఆలస్యమైందేమని అడిగితే దాతకి కోపం వస్తుంది. మన తాతలు ఆ మాట అన్నారు, తల్లులు అన్నారు, మనమూ అలవాటు కొద్దీ అంటున్నాం. అగ్గిపెట్టె కొన్నా సబ్బుబిళ్ల కొన్నా మనం సర్కారుకి పన్ను కడుతూనే ఉన్నాం. ఆ పన్నులతోనే ఆసుపత్రి గోడలు లేచాయి, ఆ పన్నులతోనే డాక్టర్లకి జీతాలొస్తున్నాయి. మరి అక్కడ ధర్మం చేస్తున్నదెవరు, పుచ్చుకుంటున్నదెవరు? అయినా ఓపీ చీటీ కోసం నిలబడ్డ మనిషిని చూస్తే బిచ్చానికొచ్చినట్టే కనపడతాడు. మందుల కొరత గురించి, పడకల కొరత గురించి పెద్ద పత్రికలు అప్పుడప్పుడూ రాస్తాయి. మన పొద్దు పోతున్న సంగతి ఎవరూ రాయరు. ఈసారి మేము దాని గురించే మాట్లాడదలిచాం.

మేము కొందరం కోస్తాలో ఒక జిల్లా పెద్దాసుపత్రికి వరసగా మూడు సోమవారాలు వెళ్లాం. చీటీలిచ్చే కిటికీ తొమ్మిదింటికి గాని తెరవరు. ఆరున్నరకే జనం. మొదటి ఆటోకి వచ్చినవాళ్లు కొందరు, రాత్రే వచ్చి వరండాలో పడుకున్నవాళ్లు కొందరు. మనిషి నిలబడలేకపోతే తన బదులు చెప్పులు పెడతారు, సంచీ పెడతారు, ఇటుకరాయి పెడతారు. కిటికీ తెరిచాక చీటీ చేతికి రావడానికి గంట. ఆ చీటీతో డాక్టరు గది ముందు ఇంకో లైను. లోపలికెళ్లాక రెండు నిమిషాలు. మన దేశంలో డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చే టైము సగటున రెండు నిమిషాల దగ్గరేనని 2017లో ఒక బ్రిటిష్ వైద్య పత్రిక లెక్క తేల్చి అచ్చేసింది. లైన్లో నిలబడేవాళ్లకి ఆ పత్రిక చదవాల్సిన పని లేదు లెండి. రక్తపరీక్ష రాస్తే అక్కడొక లైను, మందుల దగ్గర మరో లైను. పరీక్ష కాయితం వచ్చేసరికి డాక్టరు లేచి వెళ్లిపోయి ఉంటాడు. "రేపు రామ్మా" అంటారు.

ఆ రేపు అన్నదానికి ఎంతవుతుందో లెక్క కడదాం. 2024-25లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకి 300 రూపాయలు. మిరపకోతల రోజుల్లో అంతకన్నా ఎక్కువే గిడుతుంది. కానీ ఆ పని ఏడాదంతా ఉండదు, అందుకే ఆ రోజులు పోగొట్టుకుంటే మరీ దెబ్బ. మూడొందలే వేసుకుందాం. ముసలితల్లిని తీసుకొచ్చిన కూతురికి ఒక కూలి పోయింది. తల్లి కూడా ఇంకా కూలికెళ్లే మనిషే అయితే రెండు కూళ్లు. మర్నాడు పరీక్ష కాయితం చూపించుకోడానికొస్తే మళ్లీ రెండు. ఆటో ఛార్జీలు, ఇడ్లీ, టీ. పైసా ఖర్చు లేని వైద్యానికి పదిహేనొందలు దాకా వదిలాయి. ఈ పద్దు ఏ బడ్జెట్లోనూ కనపడదు. ముఠా మేస్త్రీ దగ్గర ఇంకో నష్టముంది. రెండు రోజులు రాని మనిషి చోట్లోకి వేరే మనిషి వచ్చేస్తుంది. మూడోనాడు వెళితే "ఈ చేనుకి మనుషులు సరిపోయారు" అంటాడు. నెల జీతగాడు ఆసుపత్రికెళితే సెలవు దొరుకుతుంది, ఆ రోజు జీతమూ దొరుకుతుంది. జబ్బుపడ్డ రోజుకి అతనికి డబ్బులిస్తున్నారు. అదే రోజుకి మన దగ్గర లాక్కుంటున్నారు.

అసలు ఓపీ పొద్దున తొమ్మిదికి మొదలై మధ్యాహ్నానికే ఎందుకు ముగియాలి? ఆ వేళలు ఎవరి బతుకు చూసి పెట్టారు? పొద్దున ఆరింటికి పొలానికెళ్లి రెండింటికో మూడింటికో తిరిగొచ్చే మనిషిని చూసి పెట్టినవి కావు. ఇళ్లల్లో అంట్లు తోమే అక్కల్ని చూసి పెట్టినవి కావు. తెల్లవారకముందే చీపురు పట్టే మునిసిపాలిటీ కార్మికుల్ని చూసి అసలే కావు. పెద్దాసుపత్రుల సంగతి అటుంచండి. మండలాల్లో ఉండే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గురించి 2012 నాటి భారత ప్రజారోగ్య ప్రమాణాల్లో స్పష్టంగా రాసుంది. రోజుకి ఆరు గంటల ఓపీ ఉండాలి, నాలుగు గంటలు పొద్దున, రెండు గంటలు మధ్యాహ్నం దాటాక, వారానికి ఆరు రోజులు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ అయితే బస్తీల్లోని ఆరోగ్య కేంద్రాలు కూలీనాలీ జనానికి వీలుగా సాయంకాలం కూడా నడవాలంది. అంటే ఢిల్లీలో కూర్చుని కాయితం రాసినవాడికి కూడా ఈ సంగతి తెలుసు.

మీ మండలంలో మధ్యాహ్నం మూడింటికి ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చూడండి. నర్సమ్మ ఉంటుంది, ఆమె ఎప్పుడూ ఉంటుంది. డాక్టరుగారి కుర్చీ ఉంటుంది. డాక్టరుగారు మటుకు ఆ సాయంత్రం టౌన్లో సొంత క్లినిక్కులో దొరుకుతారు, ఫీజు కడితే. అందరూ అలాంటివాళ్లేనని మేము అనడం లేదు. ఒక్కో డాక్టరు ముందు వందకు పైగా చీటీలు పడి ఉండడం మేమూ చూశాం, ఆయన నీళ్లు తాగడానిక్కూడా లేవకపోవడం చూశాం. కానీ తెలంగాణలో 2022లో, కొత్తగా చేరే సర్కారు డాక్టర్లు ప్రైవేటు ప్రాక్టీసు చెయ్యకూడదని నిబంధన పెట్టారంటే, ఆ రోగం ఎంత ముదిరిందో సర్కారుకే తెలుసన్నమాట.

"లైను అందరికీ లైనే, దానిక్కూడా కులమేమిటయ్యా" అనే పెద్దమనుషులుంటారు. వాళ్లని మేము అడిగేదొకటే. లైను అందరిదీ అయితే పక్క తలుపెందుకు? ఆ మూడు సోమవారాలూ మేము లైనుతో పాటు పక్క తలుపుని కూడా చూస్తూ కూర్చున్నాం. నాయకుడి దగ్గర్నుంచి ఫోను చేయించుకున్నవాళ్లు, స్టాఫులో చుట్టాలున్నవాళ్లు, తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా కారు దిగినవాళ్లు అందులోంచి వెళ్లారు. నాలుగు గంటలు నిలబడ్డవాళ్ల ముందునుంచే వెళ్లారు, ఎవరి మొహంలోనూ సిగ్గు లేదు. వాడనుంచి వచ్చినవాళ్లలో ఆ తలుపు తట్టగలిగినవాళ్లు మాకు ఒక్కరూ కనపడలేదు. ఫోను చేసేవాడు మనకెక్కడున్నాడు? మన ఓటుతో గెలిచినవాడు ఉన్నాడు గానీ, మన ఫోను ఎత్తేవాడు లేడు.

కిటికీ దగ్గర కులం అడగరన్నది నిజమే. అడగాల్సిన పనేముంది? ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ అంటారు. ఫలానా కాలనీ అంటే చాలు, "మీరు" అన్న పిలుపు "నువ్వు" అయిపోతుంది. "చెప్పేది వినపడదా, పక్కకి జరుగు." అరవై ఏళ్ల మన పెద్దాయనతో పాతికేళ్ల కుర్రాడు అనే మాట ఇది. అదే కిటికీలోంచి వెనకాల మనిషితో "ఏమండీ, ఆధార్ తెచ్చారా?" అంటాడు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1930లలో తన అనుభవాలు కొన్ని రాసి పెట్టారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని దానికి పేరు. ఆ పేరులోనే కాచుకుని ఉండడం ఉంది. 1929లో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఒక ఉత్తరాన్ని అందులో చేర్చారు. కథియవాడ్ ప్రాంతంలో ఒక అంటరాని బడిపంతులు రాసిన ఉత్తరం అది. ప్రసవమైన భార్యకి జబ్బు చేసింది. డాక్టరు రానన్నాడు. ఊరిపెద్దలు బతిమాలి, రెండు రూపాయల ఫీజుకి పూచీ ఉంటే, వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. బాలింతని, పసిగుడ్డుని బయటికి మోసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త ఆమెకి పెట్టాడు. మళ్లీ అదే వరసలో వెనక్కెళ్లింది. దీపం వెలుతుర్లో చూసి న్యుమోనియా అన్నాడు, మందు పంపించాడు. తర్వాత చూడ్డానికి రానన్నాడు. ఆమె చచ్చిపోయింది. ఈ రోజున థర్మామీటరు ముగ్గురి చేతులు మారడం లేదు, ఒప్పుకుంటాం. కానీ పొట్టలో నొప్పి అంటే పొట్ట మీద చెయ్యి వెయ్యకుండానే, తల ఎత్తకుండానే మందు రాసే రెండు నిమిషాల్ని ఏమని పిలవాలో ఆ పెద్దమనుషులే చెప్పాలి.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, మనవాళ్లలోనే కొందరికి నచ్చకపోవచ్చు. లైన్లో మన మీద కసురుకునేవాళ్లు, స్ట్రెచర్ తోయడానికి యాభై అడిగేవాళ్లు, మగపిల్లాడు పుడితే ఇంత, ఆడపిల్ల పుడితే ఇంత అని చెయ్యి చాపేవాళ్లు చాలామంది మన వాడల మనుషులే. ఊడ్చేది మనం, శవాల గదిలో పనిచేసేది మనం, నెత్తుటి గుడ్డలు ఎత్తేది మనం. వాళ్లని తిట్టడం సుళువు. కాంట్రాక్టరు నెలల తరబడి జీతం ఆపితే ఆ ఇల్లు దేనితో గడుస్తుందో ఎవరూ అడగరు. ఆ ఆయాకి జ్వరమొస్తే ఆమె కూడా చీటీ కోసం నిలబడాల్సిందే. వాళ్ల సంఘాల్ని, మన సంఘాల్ని ఈ విషయంలో కలపకపోతే లైన్లో ఉన్న మాదిగక్కా స్ట్రెచర్ దగ్గరున్న మాలన్నా ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉంటారు. పక్క తలుపు మటుకు ఎప్పట్లాగే తెరుచుకుంటుంది.

ఇప్పుడు లైను తగ్గించామంటున్నారు. 2022 నుంచి ఆసుపత్రుల్లో గోడకి క్యూఆర్ బొమ్మ అంటించి, ఫోనుతో దాన్ని ఫొటో కొడితే టోకెను వస్తుందన్నారు. మంచిదే, వద్దనం. అయితే చేతిలో స్మార్ట్‌ఫోను, అందులో డేటా, ఇవి రెండూ ఉన్నవాడికే అది. మేము చూసిన చోట డబ్బా ఫోను పట్టుకుని నిలబడ్డ ముసలమ్మకి ఆ బొమ్మ బొమ్మే. ఫోనున్నవాళ్ల లైను పొట్టిదైంది, ఆమె లైను మాత్రం అలాగే ఉంది.

ఇంత నిలబడలేక జనం ఏం చేస్తారు? రాత్రి ఎనిమిదింటికి వాడలోకే సైకిలు మోటారు మీద వచ్చే ఆర్ఎంపీ దగ్గరికి పోతారు. అతను అప్పుపెడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, చెయ్యి పట్టుకుని చూస్తాడు. అన్నిటికీ ఒకటే సూది వేస్తాడనుకోండి, ఆ సంగతి వేరు. సర్కారు వదిలేసిన సాయంకాలాన్ని అతను పట్టుకున్నాడు. జబ్బు ముదిరి పడక ఎక్కాక గాని మన దగ్గరున్న కార్డు పనిచెయ్యదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషనుకి పనికొచ్చింది, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కాదనం. బీపీ బిళ్ల కోసం నిలబడ్డ రోజు కూలిని మాత్రం ఏ కార్డూ ఇవ్వదు. కూలి పోతుందని బిళ్ల మానేసినవాళ్లు ఎంతమందో మన ఇళ్లల్లోనే లెక్క పెట్టుకోవచ్చు. మన దేశంలో అగ్రకుల స్త్రీ కన్నా దళిత స్త్రీ సగటున 14.6 ఏళ్లు ముందే చచ్చిపోతోందని 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం తన నివేదికలో రాసింది. అన్ని ఏళ్లూ ఆసుపత్రి లైన్లోనే పోయాయని అనలేం. తిండిలో పోయాయి, నీళ్లలో పోయాయి, పనిలో పోయాయి. కొన్ని మటుకు "రేపు రామ్మా"లో పోయాయి.

ఉద్యమంలో ఉన్న మిత్రులు కొందరు ఇది చిన్న విషయమన్నారు. భూమి ఉంది, రిజర్వేషన్లున్నాయి, అట్రాసిటీ కేసులున్నాయి, ఓపీ లైను గురించి పత్రిక నింపాలా అన్నారు. 1927లో మహద్‌లో చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకోవడం కూడా కొందరికి చిన్న విషయమే. పైగా కాచుకునుండడం మనకి ఒక్క ఆసుపత్రిలోనే కాదు. చుండూరులో 1991 ఆగస్టులో మనవాళ్లని నరికి సంచుల్లో కుక్కితే ప్రత్యేక కోర్టు తీర్పు కోసం 2007 దాకా కాచుకున్నాం. శిక్షపడినవాళ్లందర్నీ 2014లో హైకోర్టు వదిలేసింది. ఆ కోర్టు వరండాలో నిలబడ్డవాళ్లూ, ఈ ఆసుపత్రి వరండాలో నిలబడ్డవాళ్లూ వేరే వేరే జనం కాదు.

మేము అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. ఆరోగ్య కేంద్రంలో రెండోపూట ఓపీ కాయితం మీద ఉన్నట్టే నడవాలి, పెద్దాసుపత్రిలో వారానికి మూడు సాయంత్రాలైనా తెరవాలి. బీపీ, షుగరు బిళ్లలు ఒక్కసారే నెలకి సరిపడా ఇవ్వాలి. పరీక్ష కాయితం చూపించుకునేవాళ్లని మళ్లీ మొదటి లైన్లో నిలబెట్టకూడదు. కూర్చోడానికి బల్లలు, తాగడానికి నీళ్లు, ఆడవాళ్లకి తలుపున్న మరుగుదొడ్డి కావాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో ఎవరెవరున్నారో బోర్డు మీద రాయాలి, వాడల ఆడవాళ్లకి అందులో చోటివ్వాలి. డాక్టర్ల డ్యూటీ పట్టిక ఇవ్వమంటే మొహం చిట్లిస్తారు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, తెల్లకార్డు ఉన్నవాళ్లకి ఫీజు లేదు, ముప్పై రోజుల్లో జవాబియ్యాలి.

దానికి ముందు ఒక పని ఇప్పుడే మొదలుపెట్టండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఓపీ చీటీ పారెయ్యకండి. దాని వెనకాల నాలుగు ముక్కలు రాయండి: లైన్లోకి ఎన్నింటికి వచ్చారు, డాక్టరు ఎన్నింటికి చూశాడు, మళ్లీ రమ్మన్నాడా, ఎన్ని కూళ్లు పోయాయి. రాయడం రానివాళ్లకి పక్కన నిలబడ్డ చదువుకున్న పిల్లలు రాసిపెట్టండి. పేర్లు అక్కర్లేదు. చీటీలు వాడవాడలా ఒకచోట పోగు చెయ్యండి. జిల్లా కలెక్టరు ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటాడు గదా. ఆ చీటీలన్నీ మూటగట్టుకుని ఒక సోమవారం అక్కడికే పోదాం.