అలకల జుట్టుకు అలకెక్కువ!

ఈ వారం ప్రశ్న నారాయణఖేడ్ నుంచి. అడిగింది డిగ్రీ చదువుతున్న అమ్మాయి. సన్నటి వెంట్రుకలు, అన్నీ రింగులే. పెంచుదామని సరదా. కానీ వారం తిరక్కుండానే మెడ వెనక జుట్టంతా ఉండ కట్టుకుపోతున్నదట. "మా అమ్మ దువ్వెన పడేసి కత్తెర పట్టుకున్నది. మీ సినిమావాళ్ళ రింగులు అంత ముద్దుగ ఎట్లుంటయి? వాళ్ళకు చిక్కులు పడవా?" అని నిలదీసింది.

పడతాయి తల్లీ, పడతాయి! కాకపోతే షాటుకూ షాటుకూ మధ్య దువ్వెన పట్టుకుని పరుగెత్తుకొచ్చే హెయిర్‌డ్రెస్సర్ మనకు తెరమీద కనపడదు. పాటలో జుట్టు అలా ఎగరడానికి ఓ పెద్ద ఫ్యాను కావాలి. 'కట్' అన్నాక ఆ చిక్కు తీయడానికి ఓపికున్న చేతులు కావాలి.

అసలు మన సినిమాల్లో రింగుల జుట్టుకు చాలాకాలం మర్యాదే లేదు. హీరోయిన్ అంటే వాలుజడ. జుట్టు చింపిరిగా విరబోసుకుంటే పిచ్చిదైనా కావాలి, దెయ్యం పట్టిందైనా కావాలి! 2011లో నందినీరెడ్డి 'అలా మొదలైంది'లో నిత్యామీనన్ తన రింగులతోనే వచ్చి గలగలా మాట్లాడేస్తే జనం హాయిగా చూశారు. 2015లో మలయాళ 'ప్రేమమ్' వచ్చింది. అందులో మేరీగా అనుపమా పరమేశ్వరన్ భుజాలమీద పరుచుకున్న ఆ జుట్టుతో నడిచొస్తే కుర్రకారు సంగతి చెప్పాలా? మరుసటేడు తెలుగు 'ప్రేమమ్'కీ ఆమెనే పిలిచారు.

పెద్దలకు మాత్రం ఈ అందం ఎప్పుడో తెలుసు. ముంగురులను సంస్కృతంలో 'అలకలు' అంటారు. పోతనగారి భాగవతంలో అంపశయ్య మీదున్న భీష్ముడు సైతం కృష్ణుణ్ణి తలచుకుంటూ ఆయన మొహంమీది అలకలను మరిచిపోలేదు. తెలుగులో 'అలక' అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ జుట్టుకు ఆ రెండు అర్థాలూ సరిపోతాయి. బలవంతం చేస్తే అలుగుతుంది!

ఎందుకలుగుతుందంటే, నెత్తిమీద ఊరే నూనె తిన్నని వెంట్రుకమీద సులువుగా కిందికి జారుతుంది. మెలికలు తిరిగినదానిమీద జారదు. అందుకే కుదుళ్ళు జిడ్డు, కొసలు ఎండుగడ్డి. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఉంటుంది. ఎండినచోట ఆ పొలుసులు లేచి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇది చాలదన్నట్టు, ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు సహజంగానే రాలతాయి. తిన్నని జుట్టయితే అవి నేలమీద పడతాయి. రింగుల్లో అక్కడే ఇరుక్కుని పక్కవాటిని చుట్టేసుకుంటాయి. కాబట్టి చిక్కు తీసినప్పుడు దువ్వెననిండా జుట్టొచ్చిందని ఏడవకండి. అందులో చాలాభాగం ఎప్పుడో రాలిపోయిందే.

ఇక చిక్కు తీసే పద్ధతి. పొడి జుట్టును నడినెత్తినుంచి సర్రున కిందికి దువ్వడం మానండి. సగం గొడవ దాంతోనే! తలంటుకున్నాక, తడిమీదనే, చెవుల కిందినుంచి కొసలదాకా కండిషనర్ పట్టించండి. కుదుళ్ళకు వద్దు. సన్నజుట్టు ఆ బరువుకి అణిగి నెత్తికి అతుక్కుపోతుంది. నూనె కూడా అంతే, కొసలకు రెండు చుక్కలు చాలు. జుట్టును నాలుగు పాయలు చేసుకుని ముందు వేళ్ళతో విడదీయండి. తర్వాత ఎడంపళ్ళ దువ్వెన తీసుకుని కొసలు, ఆపైన నడుమ, చివరికి కుదుళ్ళు... అలా కిందినుంచి పైకి రండి. చిక్కుకు పైన పాయను పిడికిట్లో పట్టుకుంటే ఆ లాగుడు నెత్తికి తగలదు. అంతా అయ్యాక కండిషనర్ కడిగేసుకోండి. తడి వెంట్రుక తొందరగా సాగి తెగుతుంది, అందుకే ఆ జారుడు లేకుండా తడితల దువ్వకూడదు.

బోరునీళ్ళు ఉప్పగా ఉన్న ఊళ్ళలో ఒంటిసబ్బు తలకు రాయకండి. నీళ్ళలోని సున్నంతో కలిసి తెల్లటి మడ్డిలా పట్టుకుంటుంది. షాంపూకు, కుంకుడు రసానికి ఆ బాధ లేదు. కుంకుడైతే గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. తొక్క నలుసు ఒక్కటి చాలు, కొత్త చిక్కు మొదలవడానికి! టవల్‌తో బరబరా రుద్దకుండా పాత నూలు చీరముక్కతో అద్దుకోండి. రాత్రి వదులుగా జడ వేసుకుని, దిండుమీద పాత పట్టుచీర ముక్క పరుచుకోండి. సంగారెడ్డి బస్సులో కిటికీ సీటు దొరికిందని హీరోయిన్‌లా జుట్టొదిలి కూర్చున్నారో, జోగిపేట వచ్చేసరికి పిచ్చుకగూడే!

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. ఏడాదికి జానెడైనా కాదు. అందులోనూ కొంత రింగు మింగేస్తుంది. పెరగడంలేదని దిగులు పడేముందు తడిపి, లాగి కొలవండి. భుజాలు తాకే రోజులు మరీ కష్టం. చున్నీకి, జాకెట్టుకు రాసుకుని చిక్కులు రెట్టింపవుతాయి. చాలామంది ఓడిపోయి కత్తిరించేసేది అక్కడే. అప్పుడు జడో ముడో వేసుకుని నాలుగైదు నెలలు గడిపేయాలి. అమ్మగారి కత్తెరకు కూడా పనుంది. మూడు నాలుగు నెలలకోసారి చీలిన కొసలు అరంగుళం తీయించుకోండి. (జుట్టు పెంచే తమ్ముళ్ళూ, ఇదంతా మీకూ వర్తిస్తుంది!)

పెళ్ళిచూపులనో, ఎంగేజ్‌మెంట్ ఫోటోలనో జుట్టు సాఫు చేయించుకోవడానికి హైదరాబాదు బస్సెక్కేవాళ్ళున్నారు. పార్లర్లలో వాడే కొన్ని మందులు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004లోనే దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. మీరు కూర్చునేది కొన్ని గంటలు. ఆ పార్లరు అమ్మాయి రోజూ ఆ పొగలోనే నిలబడాలి. ఏ మందు వాడుతున్నారో అడగండి, సీసా చూడండి. సాఫు చేయించినా కుదురునుంచి వచ్చేది మళ్ళీ రింగే. పైన రింగులు, కింద తీగలు. ఆ రెండూ కలిసేచోటే వెంట్రుక తెగుతుంది. ఇప్పటికే చేయించుకున్నవాళ్ళు ఒక్కసారిగా కత్తిరించక్కర్లేదు. కింది తీగలు కొంచెం కొంచెం తీసేస్తూ రండి. భుజాలదాకా రింగులు రావడానికి రెండేళ్ళు పడుతుంది.